ఎక్స్‌టెన్షన్ బాక్సు: అపోహలు – వాస్తవాలు

ఎక్స్‌టెన్షన్ బాక్సుకు ఎన్ని సాకెట్లుంటే అన్ని ఉపకరణాలనూ అది మోయగలదన్నది బలంగా నాటుకున్న అపోహ. సాకెట్లు నాలుగైనా ఆరైనా వాటన్నిటికీ విద్యుత్తు చేరేది ఒక్క తీగ గుండానే కనుక, బాక్సు సామర్థ్యాన్ని నిర్ణయించేది ఆ తీగ మందమూ, గోడ సాకెట్లో పెట్టే ప్లగ్గు స్థాయీ. భారతదేశపు ఇళ్లలో సాకెట్లు 6, 16 ఆంపియర్ల స్థాయిల్లో ఉంటాయి. పెద్ద రంధ్రాలున్న రెండోదాన్నే వాడుకలో పవర్ ప్లగ్ అంటారు. ఉపకరణంపై ముద్రించిన వాట్లను 230 ఓల్టులతో భాగిస్తే అది తీసుకునే విద్యుత్ ప్రవాహం ఆంపియర్లలో తెలుస్తుంది. 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్వుకు అది దాదాపు 8.7, అంటే 6 ఆంపియర్ల బాక్సుకు ఆ ఒక్కటే అధిక భారం. పెద్ద పిన్నులను చిన్న సాకెట్లో ఇమిడ్చే కన్వర్టర్లు ఆకారాన్ని సరిపెడతాయే గాని, అమ్మేవారు ఏం చెప్పినా, సామర్థ్యాన్ని పెంచవు.

భారం మించితే ఎంసీబీ ట్రిప్ అవుతుందన్న ధీమా ఇంతకన్నా ప్రమాదకరం. ప్రవాహం హద్దు దాటితే దానంతటదే సరఫరాను తెంచే ఈ స్విచ్చును గోడలోని తీగల రక్షణకు అమరుస్తారు. దాని హద్దు 16 ఆంపియర్లయితే, బలహీనమైన బాక్సు తీగలో 10 ఆంపియర్లు గంటల తరబడి పారినా దానికి అది మామూలు భారమే. తీగలో వేడి మాత్రం ప్రవాహపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది, అంటే ప్రవాహం రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. తీగను చుట్టగా ఉంచినా, తివాచీ కింద దాచినా ఆ వేడి బయటికి పోలేదు.

అయితే తీగకన్నా ముందు దెబ్బతినేది తరచుగా సాకెట్టే. లోపలి లోహపు రేకులు వదులైనచోట నిరోధం, అంటే ప్రవాహానికి ఎదురయ్యే అడ్డు, పెరుగుతుంది. అది అర ఓమ్ ఉన్నా 8.7 ఆంపియర్ల వద్ద గోరంత చోటులో 38 వాట్ల వేడి, దాదాపు ఒక చిన్న సోల్డరింగ్ ఐరన్ వేడి, పుడుతుంది. ఈ లోపం ప్రవాహాన్ని పెంచదు సరికదా కొద్దిగా తగ్గిస్తుంది కనుక ఎంసీబీ దాన్ని పసిగట్టలేదు. లీకేజీని మాత్రమే గుర్తించే ఆర్‌సీసీబీకీ అది అందదు. ప్లగ్గు చుట్టూ ప్లాస్టిక్కు రంగు మారడం, వాడిన తరువాత పిన్నులు కాలడమే దాని ఆనవాళ్లు.

ఈ వేడిని స్పైక్ గార్డు కూడా ఆపదు; అది ఒక్కసారిగా ఎగసే ఓల్టేజీని అణచగలదు, అంతే. ఎక్కువ వాట్ల ఉపకరణాన్ని బాక్సుపై నడపడం తాత్కాలికంగా తప్పనప్పుడు 16 ఆంపియర్ల ప్లగ్గు, ఎర్త్ పిన్ను, 1.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గని రాగి తీగ ఉన్న బాక్సుపై ఒక్క ఉపకరణాన్నే నడపాలి. గీజరు, ఏసీ వంటి స్థిరంగా బిగించేవాటికి మెయిన్ బోర్డు నుంచి విడిగా తీగ లాగించడమే సరైన పద్ధతి.