మామగారి జీపు

పాత పట్టుచీర అంచు విప్పి రవికకు కుట్టుట, వన్నెతగ్గిన ఇత్తడిపాత్రకు కళాయి పెట్టించుట మనకు నిత్యకృత్యములు. అట్టి పనియే, కొంచెము పెద్దది, మా యింట మూడేండ్లు జరిగినది. సోదరీమణులు నవ్వినను నవ్వవచ్చును. అది యొక జీపును బాగుచేయుట.

జీపు రెండవ ప్రపంచయుద్ధమున అమెరికాసైన్యము కొఱకు పుట్టిన బండి. 1941 మొదలు 1945 వరకు విల్లీస్, ఫోర్డు కర్మాగారములలో ఆఱు లక్షలకు పైగా తయారైనవి. మన దేశమున మహీంద్రావారు 1947లో బొంబాయియందు వీనిని కూర్చ నారంభించిరి. మాది తరువాతి తరమునకు చెందిన సి.జె. 3బి. 1953లో విల్లీసువారు ఎత్తైన ఇంజనును అమర్చుటకై దీని ముందుమూతను ఎత్తుచేసిరి. ఆ పొడుగు ముఖమునుబట్టియే దీనిని గుర్తింపవచ్చును.

1968లో తయారైన ఈ బండిని మామగారు పాతదిగానే కొనిరి. మాది గుంటూరు జిల్లా నల్లరేగడి. వాన కురిసిన మఱునాడు ఎడ్లబండి యిరుసుమట్టునకు దిగబడును. అట్టి యొక రాత్రి నొప్పులు పడుచున్న అత్తగారిని ఈ జీపే ఆసుపత్రికి చేర్చినది. తెల్లవారునప్పటికి మావారు జన్మించిరి. 2011లో మామగారు గతించిన పిదప అది పశువులకొట్టములో మూలబడెను. 2021లో పాత యినుము కొనువాడు వచ్చి బేరమాడిపోయెను. అత్తగారు ఏమియు ననలేదు. ఆ పూట భోజనమునకు లేవలేదు. మావారు బడిపంతులు. నెలకు మూడువేల రూపాయలకు మించి వెచ్చింపరాదని నియమము పెట్టుకొని మేము పనికి పూనుకొంటిమి.

అందఱివలెనే మేమును మొదట ఇంజనునకే పూజ చేసితిమి. అది గర్జించిననాడు ఇల్లంతయు పండుగ. మావారు ఎనిమిదేండ్ల మా చిన్నవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని వీథిలోనికి నడిపిరి. మా వీథి చెఱువువైపునకు వాలు. బ్రేకు త్రొక్కగా పెడలు నేలకంటెను. చేతిబ్రేకు లాగినను బండి నిలువలేదు. ప్రక్కనున్న గడ్డివామి లేకున్నచో నే నీ వ్యాసము వ్రాయుచుండను. పిల్లవాని పెదవి చిట్లినది, అంతటితో పోయినది.

“అమ్మాయీ, మనుమనికంటె నాకు బండి యెక్కువా? అమ్మివేయుడు” అని అత్తగారే యనిరి. నేను పది దినములు గడువు కోరితిని. కారణము తెలియక వదలిపెట్టుటకు నా మనస్సొప్పలేదు.

విప్పి చూడగా తప్పులు రెండు. ఈ పాతబండ్లలో నాలుగు చక్రముల బ్రేకులకును ద్రవము నంపు మాస్టరు సిలిండరులోని మార్గ మొక్కటే. ఎచ్చట గొట్టము చిల్లిపడినను నాలుగును పోవును. మూతతీసిన డబ్బాలో ఉప్పు చెమ్మగిల్లునట్లు బ్రేకుద్రవము గాలిలోని తేమను పీల్చుకొనును. ఏండ్లతరబడి మార్పనందున మా గొట్టము లోపలినుండి త్రుప్పుపట్టి, గట్టిగా త్రొక్కినంతనే పగిలినది. ఇక చేతిబ్రేకు చక్రములయందు గాక, శక్తిని ముందు వెనుకల ఇరుసులకు పంచు పెట్టె వెనుక నుండును. ఆ పెట్టెలోని నూనె కారి దాని డ్రమ్మును తడిపియుండెను. నూనె పూసిన చేతితో బిందెను పట్టగలమా?

గొట్టములన్నియు క్రొత్తవి వేయించితిమి. సిలిండరులను స్పిరిటుతో నేనే కడిగితిని. సాయమునకు వచ్చిన యొకరు కిరసనాయిలుతో కడుగబోగా వారించితిని. అది తగిలిన రబ్బరు ఉబ్బి చెడును. సోదరీమణులకు మఱియొక హెచ్చరిక: పాత బ్రేకులపట్టీలలో ఆస్బెస్టాసు ఉండును. ఆ ధూళిని ఊదరాదు, చీపురుతో ఊడ్వరాదు. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను సంచిలో కట్టి పాఱవేయవలెను. పిల్లలను దగ్గఱకు రానీయరాదు.

గొట్టములలోని గాలిని తీయుటకు ఇద్దఱు కావలెను. ఒకరు పెడలు త్రొక్కి పట్టుకొనగా ఇంకొకరు చక్రముకడ మఱ వదలి, ద్రవముతోగూడ గాలి వెడలినపిమ్మట బిగించి, అప్పుడు పెడలు విడువుమని చెప్పవలెను. మాస్టరు సిలిండరునకు మిక్కిలి దూరపు చక్రముతో ప్రారంభము. మావారు బడికి పోయిరి. అఱువదియెనిమిదేండ్ల అత్తగారు చీరకుచ్చెళ్లు ఎగదోపి ఎక్కి కూర్చుండిరి. “త్రొక్కితిని”, “వదలితిని” అని మధ్యాహ్నము దాక మా యిద్దఱి సంభాషణ యింతే. నాలుగవ చక్రము ముగియునప్పటికి పెడలు ఱాయివలె నిలిచినది. అమ్మివేయు మాట ఆమె మఱల ఎత్తలేదు.

నమోదు విషయమునను ఆలోచింపవలసివచ్చినది. ఏబదియేండ్లు దాటిన బండ్లకు 2021 జులైలో కేంద్రప్రభుత్వము వింటేజి అను ప్రత్యేక నమోదు కల్పించినది. రుసుము 20,000 రూపాయలు. కాని అట్టి బండిని ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతు, పెట్రోలు వంటి పనులకే గాని నిత్యము రోడ్డుపై నడుపరాదు. మాకు కావలసినది పొలమునకు పోవు బండి. కనుక సామాన్యమైన పునర్నమోదునే కోరితిమి. అధికారి బ్రేకు పరీక్షించుచుండగా గేటుకడ నా గుండె దడదడలాడినది. బండి నిలిచినది.

నడుపనేర్చునప్పుడు నేను తెలిసికొన్న దొకటి. నాలుగు చక్రముల బలమును తారురోడ్డుపై వాడరాదు. మలుపులో ముందుచక్రములు వెనుకవానికంటె ఎక్కువ దూరము తిరుగును. మెత్తని నేలపై చక్రము కొంచెము జాఱి ఆ తేడాను సరిపెట్టుకొనును. గట్టిరోడ్డుపై జాఱలేక ఆ బిగువంతయు పండ్లచక్రములపై పడును.

మొన్నటి వానలలో అత్తగారిని చేనికి తీసికొనిపోయితిని. దారి మొదట బండి నాపి రెండు చిన్న మీటలను మార్చితిని. ఆమె ముందు కడ్డీని రెండుచేతుల పట్టుకొని, “మీ మామగారు ఇచ్చటనే మార్చెడివారు” అనిరి. ఇద్దఱమును తడిసితిమి. కాన్వాసు పైకప్పు ఇంకను కుట్టవలసియున్నది. మా కుట్టుమిషను సూది ఆ గుడ్డకు విఱుగుచున్నది, లావుసూదులు తెప్పించుచున్నాను.