షార్ట్‌వేవ్ రేడియో ఎంపిక

మంచిర్యాల జిల్లాలోని మందమర్రి సింగరేణి బొగ్గుగనుల నీడలో పెరిగిన పట్టణం. 2016లో జిల్లాల పునర్విభజన జరిగే వరకు ఇది ఆదిలాబాదు జిల్లాలో అంతర్భాగం. గనుల్లో పని మూడు షిఫ్టులుగా సాగుతుంది కనుక రాత్రి ఏ జామునైనా ఇక్కడ ఎవరో ఒకరు మేలుకొని ఉంటారు. దూరదేశాల రేడియో ప్రసారాలు స్పష్టంగా వినిపించేది కూడ రాత్రివేళల్లోనే. ఇటువంటి ఊరిలో షార్ట్‌వేవ్ వినడాన్ని అభిరుచిగా అలవరచుకోదలచిన విద్యార్థికి మొదట ఎదురయ్యే ప్రశ్న ఏ సెట్టు కొనాలన్నది. ఇంటి ఖర్చులో మిగిల్చిన సొమ్ము వృథా కాకూడదంటే ఖరీదు కంటె ముందు మూడు విషయాలు ఆలోచించాలి. ఏమి వినాలి? ఎక్కడ కూర్చొని వినాలి? ఏ వేళ వినాలి? సరియైన ఎంపిక ఈ మూడింటి సమాధానాలపై ఆధారపడి ఉంటుంది.

ఒకప్పుడు షార్ట్‌వేవ్ అభిరుచి మాత్రమే కాదు, అవసరం కూడ. 1952లో కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్ కాలంలో ఆకాశవాణిలో సినిమా పాటలకు చోటు తగ్గింది. శ్రోతలు రేడియో సిలోను వైపు మళ్ళారు. తెలుగు సినిమా పాటలు కూడ సముద్రం దాటి అక్కడి నుండి వినవచ్చేవి. 1957లో వివిధభారతి ఆరంభం కావడానికి ఈ పోటీ ఒక ముఖ్య కారణం. 1975-77 నాటి అత్యవసర పరిస్థితిలో పత్రికలపై సెన్సారు ఉన్నప్పుడు దేశంలోని వార్తలకోసమే ఎందరో బి.బి.సి.ని ఆశ్రయించారు. రేడియో ఉంచుకోవడానికి తపాలా కార్యాలయంలో లైసెన్సు రుసుము చెల్లించే పద్ధతి 1985లో రద్దయింది.

ఆ వైభవం నేడు లేదు. 1940లో మొదలైన బి.బి.సి. హిందీ షార్ట్‌వేవ్ ప్రసారాలు 2020 జనవరి 31తో ముగిశాయి. హైదరాబాదు ఆకాశవాణి 4800 కిలోహెర్ట్జ్‌పై వినిపించిన షార్ట్‌వేవ్ స్వరం కూడ మూగబోయింది. అయినను బి.బి.సి. వరల్డ్ సర్వీసు ఆంగ్ల ప్రసారాలు, చైనా రేడియో ఇంటర్నేషనల్, రేడియో రుమేనియా ఇంటర్నేషనల్ వంటివి నిలిచి ఉన్నాయి. కొత్తగా రేడియో కొనేవారు ఈ వాస్తవాన్ని గ్రహించాలి. స్టేషన్లు తగ్గిన కొద్దీ బలహీనమైన ధ్వనిని సైతం పట్టి, పక్క స్టేషను నుండి వేరుచేసి వినిపించగల సెట్టు అవసరం పెరిగింది.

షార్ట్‌వేవ్ అనగా 3 నుండి 30 మెగాహెర్ట్జ్ వరకు గల పౌనఃపున్యాలు. ఎఫ్.ఎం. తరంగాలు దాదాపు సూటిగా ప్రయాణిస్తాయి కనుక కొన్ని పదుల కిలోమీటర్లలోనే క్షీణిస్తాయి. షార్ట్‌వేవ్ తరంగాలు ఆకాశంలోని ఐనోవరణాన్ని తాకి వంగి, తిరిగి భూమిని చేరి వేల కిలోమీటర్లు పయనిస్తాయి. సూర్యుని ప్రభావం వల్ల ఐనోవరణం వేళను బట్టి మారుతుంది. అందువల్ల పగటిపూట 19, 25 మీటర్ల బ్యాండ్లు, చీకటి పడిన తరువాత 31, 41, 49 మీటర్ల బ్యాండ్లు అనుకూలిస్తాయి. ఏదో ఒకటి రెండు బ్యాండ్లకు పరిమితమైన సెట్టు కొన్నవారికి రోజులో సగం వేళలు దక్కవు. కనుక మొదట చూడవలసినది బ్యాండ్ల విస్తృతి.

రెండవది పౌనఃపున్యాన్ని చూపే విధానం. పాత సెట్లలో ముల్లు వేలెడంత కదిలితే ఎన్నో స్టేషన్లు దాటిపోతాయి. విన్న స్టేషనును మరునాడు తిరిగి పట్టుకోవడం అదృష్టం మీద ఆధారపడుతుంది. షార్ట్‌వేవ్ ప్రసారాలు సాధారణంగా 5 కిలోహెర్ట్జ్ అంతరంలో ఉంటాయి. 11760 వంటి సంఖ్యను నేరుగా చూపే అంకెల తెర ఉంటే వెతుకులాట తప్పుతుంది.

మూడవది స్టేషన్లను వేరుచేసే శక్తి. గ్రహణశక్తి ఎక్కువగా ఉండి ఈ శక్తి లేని సెట్టు సంతలో నిలబడిన మనిషి వంటిది. అన్నీ వినిపిస్తాయి, ఒక్కటీ అర్థం కాదు. చౌక సెట్లలో మరొక లోపం ఉంటుంది. లోపల 455 కిలోహెర్ట్జ్ వద్ద ఒక్కసారే పౌనఃపున్యాన్ని మార్చే సెట్టులో బలమైన స్టేషను అసలు స్థానంలోనే గాక, 910 కిలోహెర్ట్జ్ దిగువన కూడ ప్రతిబింబంలా వినిపిస్తుంది. తెలియనివారు దానిని కొత్త స్టేషనుగా పొరబడతారు. రెండుసార్లు మార్చే ‘డబుల్ కన్వర్షన్’ సెట్లలో ఈ బాధ చాలా తక్కువ.

ఔత్సాహిక రేడియో నిర్వాహకుల సంభాషణలు కూడ వినగోరేవారికి ‘ఎస్.ఎస్.బి.’ సౌకర్యం తప్పనిసరి. అది లేకుంటే వారి మాటలు ముద్దగా వినిపిస్తాయి. ఈ రంగంలో శిక్షణ ఇచ్చేందుకు 1983లో హైదరాబాదులో జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ ఏర్పడింది. పాటలు, వార్తలు చాలుననుకునేవారు ఈ సౌకర్యానికి అదనపు సొమ్ము చెల్లించనక్కర లేదు. టెక్సన్ పి.ఎల్.-330, పి.ఎల్.-660 వంటి చేతిలో ఇమిడే సెట్లు పైన చెప్పిన గుణాలలో అధికభాగం కలవి. తయారీ నిలిచిపోయిన సోనీ ఐ.సి.ఎఫ్.-ఎస్.డబ్ల్యూ.7600జి.ఆర్. వంటివి పాతవిగా దొరుకుతాయి. అయితే పాత సెట్టు కొనేటప్పుడు సెల్లులు కారి స్ప్రింగులు తుప్పుపట్టాయేమో, ఏరియల్ కడ్డీ వదులైందేమో పరీక్షించాలి.

సెట్టు ఎంత మంచిదైనా పరిసరాలు అనుకూలించకపోతే ప్రయోజనం లేదు. ఎల్.ఇ.డి. దీపాలు, సెల్‌ఫోను చార్జర్లు, గనుల యంత్రాలకు విద్యుత్తునిచ్చే తీగలు, పట్టణం పక్కనే సాగే కాజీపేట - బల్లార్షా విద్యుద్రైలు మార్గం గరగర శబ్దాన్ని కలిగించగలవు. కనుక సెల్లులతో నడిచే సెట్టును చేతబట్టి వరండాలో, పెరటిలో, డాబాపైన తిరిగి చూడాలి. గరగర ఎక్కడ తగ్గితే అదే వినవలసిన చోటు. ఆ చోట పది మీటర్ల రాగితీగను ఎత్తుగా కట్టి, ఒక కొసను ఏరియల్‌కు తగిలిస్తే సాధారణమైన సెట్టు సైతం కొత్త బలం పుంజుకుంటుంది. మరీ పొడవైన తీగ చిన్నసెట్టును తబ్బిబ్బు చేస్తుంది. తీగ విద్యుత్తు తీగలకు చేరువగా పోకూడదు. ఉరుములు వినవచ్చిన వెంటనే వినడం మాని, మెరుపులు దగ్గరపడకముందే తీగను సెట్టు నుండి తప్పించాలి.

కొనక ముందే ఈ అభిరుచి తనకు నచ్చునో లేదో తెలుసుకునే మార్గం నేడున్నది. నెదర్లాండ్స్‌లోని ట్వెంటె విశ్వవిద్యాలయం తన రిసీవరును అంతర్జాలం ద్వారా అందరికీ అందుబాటులో ఉంచింది. కొన్ని రాత్రులు దానిని తిప్పి చూసినవారికి షార్ట్‌వేవ్ స్వభావం బోధపడుతుంది. అయితే అది ఐరోపా ఆకాశం. మందమర్రి ఆకాశంలో వినవచ్చేది వేరు.

సెట్టు ఇంటికి వచ్చిన పిదప ఒక నోటుపుస్తకం ఉంచుకోవాలి. తేదీ, సమయం, పౌనఃపున్యం, విన్న విషయం అందులో రాయాలి. సమయాన్ని ప్రపంచ ప్రామాణిక కాలంలో గుర్తించాలి. భారత కాలమానం నుండి ఐదున్నర గంటలు తీసివేస్తే అది వస్తుంది. ఇక్కడి రాత్రి 8.30 అక్కడి 15.00 గంటలు. ధ్వని బలాన్ని, అంతరాయాన్ని, రొదను, హెచ్చుతగ్గులను, మొత్తం నాణ్యతను ఒకటి నుండి ఐదు వరకు అంకెలతో సూచించి స్టేషనుకు పంపితే, కొన్ని స్టేషన్లు ధ్రువీకరణగా ‘క్యు.ఎస్.ఎల్.’ కార్డు పంపుతాయి.

ఒకే సంఘటనను రెండు దేశాల స్టేషన్లు రెండు తీరులుగా చెబుతాయి. ఒకరు ముందు చెప్పినది మరొకరు చివర చెబుతారు, లేదా చెప్పక వదిలేస్తారు. రెండింటినీ విని పోల్చుకునేవారికి వార్తను విచారించి స్వీకరించే అలవాటు ఏర్పడుతుంది. అందుకే సెట్టును ఎంచుకునేటప్పుడు దాని మెరుపును గాక, రొదలో నుండి మాటను వేరుచేసే శక్తిని చూడాలి. వినేవాడు తనలో పెంచుకోవలసినది కూడ ఆ శక్తినే.