వగరు రుచి, ఊదా పాదాలు: సోనోమాలో రెండు రోజులు

సెప్టెంబరు చివర్లో నేను గ్రూపులో పెట్టిన ద్రాక్షతోట ఫోటోల కింద లైకుల కంటే ఎక్కువగా వచ్చింది ఒకటే ప్రశ్న. "మరి నువ్వు కూడా తాగావా?" జవాబు ముందే చెప్పేస్తాను, లేకపోతే మీరంతా దానికోసమే వెతుక్కుంటూ చదువుతారు. రుచి చూశాను. మింగింది తక్కువ, ఉమ్మింది ఎక్కువ. అక్కడ ఉమ్మడం మర్యాద తప్పినట్టు కాదు. అందుకోసమే బల్ల మీద ఒక పాత్ర పెడతారు. ఆ పని మీదే బతికే వాళ్లు రోజుకి ముప్ఫై నలభై రకాలు రుచి చూసి, అన్నీ ఉమ్మేసి, కారు నడుపుకుంటూ ఇంటికెళ్తారట.

మా పాప ఆగస్టులో కాలేజీకి వెళ్లిపోయింది. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో మేము ఇద్దరమే వెళ్లిన ప్రయాణం చెప్పమంటే తిరుపతి తర్వాత నాకు ఇంకోటి గుర్తు రాదు. మిగిలినవన్నీ డిస్నీలాండులు, స్వెల్లింగ్ బీలు, లేకపోతే ఇండియా. మావారు నాపా అన్నారు. నేను నాలుగు రోజులు వెతికి సోనోమా అన్నాను. ఫ్రీమాంట్ నుంచి రెండూ దాదాపు ఒకే దూరం. ట్రాఫిక్ దయతలిస్తే ఒకటిన్నర గంట.

నాపాకి పేరు రావడానికి కారణం ఒక పోటీ. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లీషాయన ఫ్రెంచి వైన్లనీ కాలిఫోర్నియా వైన్లనీ పేర్లు కనపడకుండా పోయించి, ఫ్రెంచి నిపుణుల చేత మార్కులు వేయించాడు. తెల్లవాటిలో షాటో మాంటెలీనా, ఎర్రవాటిలో స్టాగ్స్ లీప్ మొదటి స్థానంలో నిలిచాయి. రెండూ నాపావే, రెండూ 1973 పంటవే. అప్పటినుంచి నాపాలో ధరలు ఆకాశంలోనే ఉన్నాయి. తమాషా ఏంటంటే ఆ గెలిచిన తెల్ల వైన్‌లోకి వెళ్లిన ద్రాక్షలో మంచి భాగం పక్కనున్న సోనోమా తోటలదే. సోనోమా వాళ్లు ఈ మాట ఇప్పటికీ ప్రతి బల్ల దగ్గరా చెబుతారు. నేను మూడుసార్లు విన్నాను.

ఊరు చిన్నది. నడిమధ్య పెద్ద చదరపు పార్కు, దాన్ని ప్లాజా అంటారు. ఒక మూల 1823లో మొదలుపెట్టిన మిషన్ ఉంది. కాలిఫోర్నియాలో స్పానిష్ పాదుర్లు మొదలుపెట్టిన ఇరవై ఒక్క మిషన్లలో ఇదే ఆఖరిది. 1846లో కొందరు వలసదారులు ఈ ప్లాజాలోనే ఎలుగుబంటి బొమ్మ జెండా ఎగరేసి, ఇది మా దేశం అన్నారు. ఆ దేశం నెల కూడా నిలవలేదు గానీ ఎలుగుబంటి మాత్రం ఈ రాష్ట్రం జెండా మీద ఉండిపోయింది. ఊరి అంచున బ్వేనా విస్టా అనే వైనరీని 1857లో హంగేరీ నుంచి వచ్చిన హరస్తీ అనే ఆయన పెట్టాడు. ఇక్కడ ఎవరిని కదిపినా ఎక్కడినుంచో వచ్చినవాళ్లే.

మొదటిరోజు పొద్దున ఒక చిన్న కుటుంబం తోటలో నడక బుక్ చేసుకున్నాం. నిజం చెప్పాలంటే ఆ ప్రయాణంలో నాకు బాగా నచ్చింది అదే. రైతు కూతుర్ని, గ్లాసు కంటే మట్టి మీదకే ముందు కన్ను పోతుంది. హైదరాబాదు చుట్టుపక్కల ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ ద్రాక్షని తలపైన పందిరికి పాకించేవాళ్లు. ఇక్కడ పందిరి ఉండదు. కంచెలా తీగలు లాగి, మొక్కని నడుము ఎత్తులో చేతులు చాచి నిలబెట్టినట్టు కడతారు. పండు చూస్తే వేలి గోరంత. తింటే చాలా తీపి, తోలు మందం, లోపల గింజలు. మన ఇంటికి తెచ్చుకునే గింజలేని ద్రాక్షకీ దీనికీ పోలికే లేదు.

తోటాయన ఒక చెట్టు మొదలు దగ్గర వంగి, అంటు కట్టిన బుడిపె చూపించాడు. పంతొమ్మిదో శతాబ్దంలో ఫిలాక్సెరా అనే సూక్ష్మమైన పేను లాంటి పురుగు వేర్లు పీల్చేసి యూరప్ తోటల్లో చాలావాటిని ఎండబెట్టేసింది. అమెరికా అడవి ద్రాక్ష వేర్లకి ఆ పురుగుని తట్టుకునే శక్తి ఉంది. అందుకని కింద అమెరికా వేరు, పైన ఫ్రాన్సు కొమ్మ పెట్టి అంటు కట్టారు. ఈరోజుకీ ప్రపంచంలో చాలా తోటలు అలాగే బతుకుతున్నాయి. "మా మామిడితోటలోనూ ఇంతే, నాటు టెంక మీద బంగినపల్లి" అన్నాను. ఆయన ఫోన్ తీసి 'బంగినపల్లి' అని రాయించుకున్నాడు. స్పెల్లింగ్ మాకే సరిగా కుదరలేదు.

కోత ఎక్కువగా రాత్రిపూటే. చల్లగా ఉంటే పండు కందదు, దారిలోనే పులియడం మొదలుపెట్టదు. నెత్తికి దీపాలు కట్టుకుని తెల్లారే దాకా కోసే కూలీలు ఎక్కువమంది మెక్సికో మూలాలవాళ్లు. పది గంటలకి మనం టోపీ పెట్టుకుని ఫోటోలు దిగే టైముకి వాళ్లు పని ముగించి వెళ్లిపోయి ఉంటారు. తోట ఫోటోల్లో వాళ్లెవరూ కనపడకపోవడానికి కారణం అదీ.

ఇక రుచుల సంగతి. బల్ల దగ్గర పోసేవాళ్లు వాడే మాటల్లో సగం నాకు అర్థం కాలేదు. 'టానిన్' అని ఒకటే అంటారు. నాలుక మీద, చిగుళ్ల మీద ఏదో లాగినట్టు, ఆరిపోయినట్టు ఉంటుందని పక్కనున్న అమెరికన్ జంటకి వివరించడానికి ఆ అమ్మాయి చాలా తంటాలు పడింది. నాకు మాత్రం ఒక్క మాటలో తెలిసింది: వగరు. పచ్చి జామపిందె, నేరేడు పండు, వక్క. మనకి పుట్టినప్పటినుంచీ తెలిసిన రుచి, ఉగాది పచ్చడిలో లెక్కపెట్టుకునే రుచి. ఎర్ర వైన్‌లో ఆ వగరు తోలు నుంచి, గింజల నుంచి, ఓక్ చెక్క పీపాల నుంచి వస్తుంది. రంగు కూడా తోలుదే. నల్ల ద్రాక్ష పిండినా రసం దాదాపు తెల్లగానే ఉంటుంది. తోలుతో కలిపి పులియబెడితేనే ఎరుపు. సోవిన్యో బ్లాంక్ అనే తెల్లది పచ్చి ఉసిరికాయ, కోసిన గడ్డి వాసన కలిపినట్టు ఉంది. షార్డొనేలో వెన్న కాచిన వాసన. ఎవరూ నమ్మకపోతే పోనీండి, నాకు నెయ్యి గిన్నె గీకినట్టే అనిపించింది.

శాకాహారులు ఒక్క విషయం అడిగి తెలుసుకోండి. వైన్‌ని తేటపరచడానికి కొందరు గుడ్డు తెల్లసొన, పాల ప్రోటీను, చేప తిత్తి నుంచి తీసిన పదార్థం వాడతారు. తర్వాత వడకట్టేస్తారు, సీసా మీద చాలాసార్లు రాయరు. వీగన్ అని రాసినది గానీ, ఏమీ వేయకుండా తేర్చినది గానీ అడిగితే చూపిస్తారు. అడగడానికి మొహమాటం వద్దు, మా బల్ల దగ్గర ఆ ప్రశ్న రోజూ వస్తుందన్నారు.

ఇప్పుడు అసలు మాట.

మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంటలో ఆడవాళ్లు సారాకి ఎదురు తిరిగినప్పుడు నాకు పద్నాలుగేళ్లు. మా అమ్మ రాత్రిబడికి వెళ్లి అక్షరాలు దిద్దుకున్న కాలం అది. ఆ పాఠాలే వాళ్లని కదిలించాయని ఇప్పుడు పుస్తకాల్లో రాస్తున్నారు, మా అమ్మ మాత్రం "పాఠం కాదు, కడుపు మంట" అంటుంది. సారా ప్యాకెట్ల దుకాణాలు మూయించారు, కలెక్టరాఫీసులో వేలంపాటలు ఆపించారు. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో అది పోయింది. అలాంటి ఇంట్లో పెరిగినదాన్ని, నలభై డాలర్లు కట్టి గ్లాసు గుండ్రంగా తిప్పి వాసన చూస్తున్నాను. అమ్మకి ఫోన్లో "ద్రాక్షతోటలు చూశాం" అన్నాను. "కల్లా సారానా?" అంది వెంటనే. "రెండూ కాదమ్మా" అన్నాను. "పేరేదైనా ఎంత తాగుతారో అది చెప్పు" అంది.

అదే ప్రశ్న మర్నాడు బల్ల దగ్గర వచ్చింది. అరవై ఏళ్లావిడ ఒకామె పోస్తూ, అమెరికా లెక్కలో 'ఒక డ్రింకు' అంటే ఎంతో గ్లాసు మీద వేలు పెట్టి చూపించింది. అయిదు ఔన్సులు, అంటే 150 మిల్లీలీటర్ల లోపే. అదీ 12 శాతం ఆల్కహాలు ఉన్నదానికి. ఇక్కడి ఎర్ర వైన్లు 14, 15 ఉంటాయి కాబట్టి ఇంకా తగ్గించాలి. ఒక సీసాకి అయిదు డ్రింకులు. రుచికి పోసేది ఒక ఔన్సో, రెండు ఔన్సులో. మావారు ఆ వేలి వంకే చూస్తున్నారు.

సాయంత్రం ప్లాజాలో బెంచీ మీద కూర్చున్నప్పుడు ఆయనే అడిగారు. "మన ఇంట్లో గ్లాసులో ఎంత పడుతుందో ఎప్పుడైనా కొలిచావా?"

"కొలిచాను. బియ్యం కొలిచే కప్పుతో. కప్పుంపావు."

"ఎప్పుడు?"

"పాప వెళ్లిన రెండో వారం."

కప్పుంపావు అంటే పది ఔన్సులు. ఆయన లెక్కలో 'రోజూ ఒక్క గ్లాసే', లెక్క ప్రకారం రెండు పైన. కొన్ని రోజులు రెండో గ్లాసు కూడా. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "ఏడు గంటలకి ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటోంది. గ్యారేజీ తలుపు చప్పుడు కోసం చూస్తూ కూర్చుంటున్నా." పాప స్విమ్మింగ్ నుంచి వచ్చే టైము అది. నేనూ ఆ టైముకే మూడో గ్లాసు బియ్యం కొలిచి, మళ్లీ డబ్బాలో పోస్తున్నానని చెప్పాను. ఇంట్లో ఈ మాట మొదలుపెడితే గొడవగానే మొదలయ్యేది. అక్కడ ఎందుకో కాలేదు.

ఆయన్ని తాగుబోతు అనను, కాదు కూడా. కానీ 2025 జనవరిలో అమెరికా సర్జన్ జనరల్ ఆల్కహాలుకీ కాన్సర్‌కీ ఉన్న సంబంధం మీద హెచ్చరిక ఇచ్చారు, అందులో రొమ్ము కాన్సర్ కూడా ఉంది. రెడ్ వైన్ గుండెకి మంచిదని వాట్సాప్‌లో తిరిగే ఫార్వర్డులు చూసి పోసుకునేవాళ్లు మనలోనూ ఉన్నారు, నాకు తెలుసు. ఆడవాళ్ల ఒంట్లో నీటి శాతం తక్కువ కాబట్టి అదే గ్లాసు మనకి ఎక్కువ ఎక్కుతుంది. ఇంటికొచ్చాక చిన్న గ్లాసులు రెండు కొన్నాం, సోమవారం నుంచి గురువారం దాకా వద్దనుకున్నాం. ఇది రాసేనాటికి ఆరు వారాలు. రెండు గురువారాలు తప్పింది. ఏడింటికి నడకకి వెళ్తున్నాం.

పండుగ మాటకొస్తే, దాని పేరు వ్యాలీ ఆఫ్ ది మూన్ వింటేజ్ ఫెస్టివల్. 1890ల నుంచీ ఉందట. 'చంద్రుడి లోయ' అనే పేరుని జాక్ లండన్ 1913లో ఒక నవలకి పెట్టి ఊరికి అంటించేశాడు. ఆయన పొలం గ్లెన్ ఎలెన్‌లో ఇప్పుడు పార్కు, వైన్ అక్కర్లేనివాళ్లు ఒక పూట హాయిగా అక్కడ నడవచ్చు. పండుగలో సంగీతం, ఊరేగింపు, గ్లాసులు పట్టుకున్న జనం, అవన్నీ ఏ పండుగలోనైనా ఉండేవే. ప్రత్యేకం ద్రాక్ష తొక్కుడు పోటీ. జంటగా ఆడాలి. ఒకరు పీపాలో నిలబడి తొక్కుతారు, ఇంకొకరు కింద గొట్టానికి తొక్కలు అడ్డం పడకుండా చేత్తో తీస్తూ రసం జాడీలోకి పట్టాలి. ఎవరి రసం ఎక్కువైతే వాళ్లు గెలిచినట్టు. తొక్కేది మొగుడే అనుకున్నారు అక్కడివాళ్లు. చీర కాదు కాబట్టి సరిపోయింది, జీన్స్ మడిచి నేనెక్కాను. చిన్నప్పుడు గోడలకి మట్టి తొక్కిన కాళ్లు ఇవి. మడమతో కాదు, మునివేళ్లతో నొక్కి తిప్పాలి. మావారు మోచేతుల దాకా రసంతో "ఆపకు, ఆపకు" అని అరుస్తూనే ఉన్నారు. ఆయన నామీద అంత గట్టిగా, అంత సంతోషంగా అరిచి ఎన్నేళ్లయిందో. గెలవలేదు. కాళ్లకి మాత్రం పారాణి పెట్టినట్టు ఊదా రంగు.

భోజనం గురించి క్లుప్తంగా. కారం ఎక్కువున్న కూరతో వగరు ఎర్ర వైన్ తాగితే నోరు ఇంకా మండుతుంది. కాస్త తీపి ఉన్న రీస్లింగ్, గెవుర్ట్స్‌ట్రామినర్ నయం. గోంగూర పులుపుకి సోవిన్యో బ్లాంక్ పులుపు సరిపోతుంది. నెల్లూరు చేపల పులుసుకి నా దృష్టిలో అన్నం తప్ప ఏదీ సరిపోదు. రుచి చూడ్డానికి ముందు వక్కపొడి, సోంపు వేసుకోవద్దు, సెంటు కొట్టుకోవద్దు. ఖాళీ కడుపుతో అసలు వెళ్లొద్దు. మేము కారులోనే పెరుగన్నం తిని వెళ్లాం. చాలా వైనరీల్లో బయటి తిండి తేనివ్వరు, ముందే అడగండి. తాగని వాళ్లకి కొన్నిచోట్ల అదే ద్రాక్షతో తీసిన పులియని రసం ఉంటుంది, మార్కెట్ జ్యూసులా ఉండదు, తప్పకుండా అడగండి. ఇద్దరికీ కలిపి ఒకే టేస్టింగ్ తీసుకోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. మేము వెళ్లినచోట మనిషికి 30 నుంచి 50 డాలర్లు. నాపాలో ఇంకా ఎక్కువ.

కారు సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. కాలిఫోర్నియాలో హద్దు 0.08 శాతం. అంతకంటే తక్కువున్నా బండి తడబడితే పట్టుకోవచ్చు. గ్రీన్‌కార్డు రానివాళ్లు మన గ్రూపులో సగం మంది ఉన్నారు కదా, వాళ్లకి ఇంకో ముప్పు ఉంది. తాగి నడిపిన కేసులో అరెస్టయితే చాలు, కోర్టులో తేలకముందే వీసా రద్దు చేసే అధికారం విదేశాంగ శాఖకి ఉంది, రద్దు చేస్తున్నారు కూడా. కోర్టు కొట్టేసినా, తర్వాతిసారి ఇండియా వెళ్లినప్పుడు మళ్లీ స్టాంపింగ్ దగ్గర ఆగిపోవచ్చు. కాబట్టి ఒకరు ఉమ్మేవాళ్లయి ఉండాలి, లేదా రోజంతటికీ డ్రైవర్‌ని మాట్లాడుకోవాలి. చీకటి పడ్డాక తోటల దగ్గర ఉబర్ దొరుకుతుందని నమ్ముకోకండి. హోటళ్లు పండుగ వారం సోనోమాలో చాలా ఖరీదు, పెటాలుమాలో వెతకండి. ఇంకో మాట, తొక్కుడు పోటీకి దిగేవాళ్లు పాత చెప్పులు తీసుకెళ్లండి. నా కాలిగోళ్ల రంగు బుధవారం దాకా పోలేదు.