మురుగు గొట్టంలో వేపవేరు

గత వానాకాలంలో మన ఆరోగ్య బృందం యాలాల్‌లో ఒక ఇంటికి వెళ్లవలసి వచ్చింది. ఆ ఇంటి కోడలు ఆరు నెలల గర్భిణి. అన్నం సహించక, వాంతులతో, కళ్లు పచ్చబడి ఆసుపత్రికి వచ్చింది. మన పల్లెల్లో పసిరికలు అంటారే, అవి. రక్త పరీక్షలో హెపటైటిస్-ఇ అని తేలింది. ఇది కలుషితమైన నీటి ద్వారా వచ్చే కామెర్ల జబ్బు. మామూలు మనిషికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. గర్భిణి సంగతి వేరు. ముఖ్యంగా చివరి మూడు నెలల్లో సోకితే, నూటికి ఇరవై మంది దాకా తల్లులు ప్రాణాలు కోల్పోయే ప్రమాదం ఉంది. అందుకే ఆమెను వార్డులో చేర్చుకున్న మర్నాడే, ఆమె ఏ నీళ్లు తాగిందో చూద్దామని మేము బయలుదేరాం.

ఇల్లు శుభ్రంగానే ఉంది. వాకిలంతా తాండూరు నాపబండలు పరిచి, కడిగి ముగ్గు వేశారు. వెనుక పెరట్లో బాత్రూము, మరుగుదొడ్డి, వాటి పక్కన చక్కటి నీడనిచ్చే వేపచెట్టు, దానికి ముప్పై అడుగుల దూరంలో బోరు. తాగడానికి, వంటకు ఆ బోరు నీళ్లే. మరుగుదొడ్డి నుంచి సెప్టిక్ ట్యాంకుకు వెళ్లే గొట్టం సరిగ్గా చెట్టు కింది నుంచే పోతోంది.

“గా యాప చెట్టుతోనే లొల్లి సిస్టరమ్మా” అన్నది అత్తగారు. “ఏటా దాని ఏర్లు పైపుల జొస్తయి. నీళ్లు ఎన్కకు తంతయి. ఈసారి చెట్టే కొట్టిచ్చేస్తం.”

మేము ఒక్క ప్రశ్న అడిగాం. “వేరు లోపలికి పోవడానికి సందు ఉంటే, ఆ సందులోంచి లోపలి నీళ్లు బయటికి రావా, అవ్వా?”

ఆమె కాసేపు మాట్లాడలేదు. బోరు వైపు చూసింది.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ చూపే. చెట్టువేరు గొట్టంలోకి చేరితే మనం దాన్ని నీళ్లు ఆగిపోయే ఇబ్బందిగా మాత్రమే చూస్తాం. నిజానికి అది ఒక వార్త తెచ్చింది. మీ మురుగు గొట్టం ఎప్పటి నుంచో కారుతోంది అన్నదే ఆ వార్త.

వేరుకు కళ్లు లేవు, గొట్టాన్ని వెదుక్కుంటూ రాదు. ఎక్కడ తడి, గాలి, ఎరువు ఉంటే అక్కడ బాగా పెరుగుతుంది, అంతే. ఎండాకాలంలో చుట్టూ మన్ను ఎండి నెర్రెలు ఇచ్చినప్పుడు, అతుకు కారుతున్న చోట మాత్రం ఏడాది పొడుగునా తేమ ఉంటుంది. పైగా అది ఎరువు కలిసిన తేమ. వెంట్రుకంత సన్నటి వేరు ఆ సందులో దూరుతుంది. లోపల ఇక దానికి కరువు లేదు. గుబురుగా, నక్కతోకలా పెరుగుతుంది. అన్నం మెతుకులు, నూనె జిడ్డు, తల వెంట్రుకలు, గుడ్డపేలికలు దానికి పట్టుకుని గొట్టం మూసుకుపోతుంది. బయట ఉన్న వేరు లావెక్కుతూ ఆ సందును ఇంకా వెడల్పు చేస్తుంది. బాగున్న గొట్టాన్ని, గట్టిగా అతికిన అతుకును సన్నటి వేరు పొడుచుకుని లోపలికి రావడం చాలా అరుదు. లావు వేర్లు గొట్టాన్ని ఎత్తి విరగ్గొట్టడం ఉంది కానీ, మేము చూసిన ఇళ్లలో మొదటి తప్పు ఎక్కువగా అతుకుదే.

మన ఇళ్లలో అతుకులు ఎలా వేస్తారో మీకు తెలుసు. పాత ఇళ్లలో సిమెంటు గొట్టాలు, మట్టి గొట్టాలు. వాటి మధ్య పూసిన సిమెంటు పదేళ్లకు పగులుతుంది. కొత్త ఇళ్లలో పీవీసీ. అది మంచిదే. కానీ కాలరు, గమ్ము ఖర్చు ఎందుకని గొట్టం కొసను మంట మీద కాల్చి, వెడల్పు చేసి, రెండోదాన్ని అందులోకి తోసి, పైన ప్లాస్టిక్ కవరు చుట్టి మన్ను కప్పేస్తారు. మన్ను కప్పాక ఎవరు చూస్తారు? దీనికి తోడు మన ప్రాంతంలో చాలా చోట్ల నల్లరేగడి. కందికి ఆ నేల బంగారం. గొట్టాలకు మాత్రం శత్రువు. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. ఏటా గొట్టాన్ని ఒకసారి పైకి, ఒకసారి కిందికి లాగుతుంది. బలహీనమైన అతుకు ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఇంకో సంగతి కూడా ఉంది. బావికి, మురుగు గుంతకు మధ్య కనీసం యాభై అడుగులు ఉండాలని మనం చెబుతుంటాం. ఇసుక, మన్ను ఉన్న నేలలో నీరు మెల్లగా వడకట్టుకుంటూ పోతుంది కాబట్టి ఆ దూరం కొంత రక్షణ. తాండూరు చుట్టుపక్కల మనం పరుచుకునే నాపబండ సున్నపురాయి. భూమి లోపల ఆ బండల మధ్య సందులుంటాయి. సందులో పడ్డ నీరు వడకట్టుకోదు, కాలువలా పారుతుంది. అటువంటి చోట యాభై అడుగులున్నాయి కదా అని ధీమాగా ఉండడానికి వీల్లేదు. గొట్టం కారకుండా ఉండడమే అసలు రక్షణ.

కారుతున్న మురుగు గొట్టం ఎంత పని చేయగలదో లోకానికి తెలిసింది 1854లో, లండన్ నగరంలో. సోహో ప్రాంతంలోని బ్రాడ్ స్ట్రీట్‌లో ఒక చేతిపంపు నీళ్లు తాగినవారిలో కలరా వ్యాపించి ఆరువందల మందికి పైగా చనిపోయారు. డాక్టర్ జాన్ స్నో నీటినే అనుమానించి, ఆ పంపు పిడిని తీయించారు. అక్కడి చర్చిలో సహాయ పాస్టరుగా ఉన్న హెన్రీ వైట్‌హెడ్ మొదట డాక్టరు మాట నమ్మలేదు. అది తప్పని రుజువు చేద్దామనే ఇల్లిల్లూ తిరిగారు. తిరిగి తిరిగి, చివరకు డాక్టరు మాటే నిజమని ఒప్పుకోవలసి వచ్చింది. పంపు ఎదురుగా ఉన్న 40వ నంబరు ఇంట్లో ఒక పసిబిడ్డ విరేచనాలతో చనిపోయిందని, తల్లి ఆ గుడ్డలు ఉతికిన నీళ్లు ఇంటి ముందున్న మురుగు గుంతలో పోసిందని కనుక్కున్నది ఆయనే. తవ్వి చూస్తే గుంత, కాలువ ఇటుకలు వదులై ఉన్నాయి. అక్కడి నుంచి బావికి మూడు అడుగులు కూడా లేదు. ఊరంతా తెలిసిన పాస్టరు కాబట్టే ఆ తల్లి ఆయనతో మాట్లాడింది. ఈ సంగతి మా బృందంలో తరచూ చెప్పుకుంటాం.

అంత దూరం ఎందుకు? 2009 మే నెలలో హైదరాబాదు భోలక్‌పూర్‌లో మురుగు కలిసిన కుళాయి నీళ్లు తాగి వందలాది మంది వాంతులు, విరేచనాలతో ఆసుపత్రుల పాలయ్యారు. కొందరు ప్రాణాలు కోల్పోయారు. 2018 మార్చిలో గుంటూరులోనూ కలుషితమైన నీటి వల్ల అదే దుఃఖం. అక్కడ చెట్టువేర్లు కారణమని మేము అనడం లేదు. తాగేనీటి గొట్టం, మురుగు ఒకదానికొకటి దగ్గరగా ఉండి రెండూ కారితే ఏమవుతుందో చెబుతున్నాం. కుళాయి గంటసేపే వచ్చే ఊళ్లలో ఈ ప్రమాదం ఎక్కువ. నీళ్లు వచ్చేటప్పుడు గొట్టంలో ఒత్తిడి ఉంటుంది కాబట్టి లోపలి నీరు బయటికి కారుతుంది. కట్టేశాక గొట్టం ఖాళీ అయి, చుట్టూ ఉన్న తడిని లోపలికి పీల్చుకుంటుంది. మర్నాడు మొదటి బిందె ఎవరు పట్టుకుంటే వారికి ఆ మురికి వస్తుంది. కుళాయి రాగానే మొదటి నీళ్లు కాసేపు వదిలేయమని చెప్పేది అందుకే.

మీ ఇంట్లో ఈ బాధ ఉందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. బాత్రూము నీళ్లు మెల్లగా పోవడం, మరుగుదొడ్డిలో నీళ్లు పోస్తే పక్క జాలీలో గుడగుడమని శబ్దం రావడం, వాన పడ్డ రోజున నీళ్లు వెనక్కి రావడం మొదటి గుర్తులు. మండు వేసవిలో పెరట్లో ఒక్కచోట మాత్రం గడ్డి పచ్చగా ఉంటే దాని కింద ఏదో కారుతోందనే అనుకోండి. గట్టి పరీక్ష ఒకటుంది. గొట్టం కింది కొసను గుడ్డ కుక్కిన ప్లాస్టిక్ సంచితో బిగించి, పై చాంబరు నిండా నీళ్లు పోసి, నీటి మట్టం దగ్గర బొగ్గుతో గీత పెట్టండి. అరగంటలో నీరు గీత కంటే బాగా దిగిందంటే అతుకు కారుతున్నట్టే. కొత్త గొట్టం వేసినప్పుడు మన్ను కప్పకముందే ఈ పరీక్ష చేయించండి. మేస్త్రీ విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

నీటి పరీక్షకు చిన్న సీసా ఒకటి దొరుకుతుంది. 1982లో మన దేశ శాస్త్రవేత్తలు కనిపెట్టినది. నీళ్లు గీత దాకా నింపి ఒకటి రెండు రోజులు వెచ్చని చోట ఉంచితే, మలంలోని సూక్ష్మజీవులు ఉన్న నీరు నల్లగా మారుతుంది. చదువు లేనివారు కూడా చూసి చెప్పగలరు. యాలాల్ ఇంటి బోరు నీళ్లు పోసిన సీసా మర్నాటికే సిరాలా నల్లబడింది.

ఇక వేర్లకు మందు. చాలామంది మైలుతుత్తం పోస్తారు, ఉప్పు పోస్తారు, యాసిడ్ పోస్తారు. దయచేసి వద్దు. మైలుతుత్తం సెప్టిక్ ట్యాంకులో మలాన్ని కుళ్లబెట్టే మేలు చేసే సూక్ష్మజీవులను చంపుతుంది. కారే సందులోంచి మన్నులోకి, బావిలోకి పోతుంది. యాసిడ్ కళ్లు పోగొడుతుంది. వెదురు బద్దతో పొడిచి వేరు తెంపితే ఆ రోజుకు నీళ్లు పోతాయి. కానీ కొమ్మ నరికితే చిగుళ్లు ఎక్కువ వచ్చినట్టే, తెగిన వేరు ఇంకా గుబురుగా పెరుగుతుంది. వచ్చే వానాకాలానికి మళ్లీ అదే కథ.

చెట్టు కొట్టించినా తీరదు. చెట్టు పోయినా పగులు ఉంటుంది. లోపలి వేరు కుళ్లి, అది ఉన్న చోట బొర్ర ఏర్పడి, మురుగు పోవడానికి ఇంకా మంచి దారి అవుతుంది. పైగా చెట్టు కొట్టడానికి 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి.

చేయవలసింది ఒక్కటే. తవ్వి, వేరు దూరిన అతుకు దగ్గర గొట్టాన్ని మార్చడం. వేరును ట్రాక్టరు కట్టి లాగకుండా రంపంతో కోయాలి. మొదలుకు దగ్గరగా ఉన్న మణికట్టంత లావు వేర్లను ముట్టుకోవద్దు, గాలివానకు చెట్టు ఇంటి మీద పడగలదు. అలాంటి చోట గొట్టాన్నే దారి మళ్లించండి. కాలరు పెట్టి, గమ్ము పూసి అతకాలి. పది అడుగులకు రెండు అంగుళాల వాలు ఉండాలి. గొట్టం చుట్టూ రేగడి బదులు మొరం, ఇసుక పోయాలి. మలుపు ఉన్నచోట చాంబరు కట్టాలి.

ఈ పనిలో ఒక హెచ్చరిక అన్నిటికంటే ముఖ్యం. సెప్టిక్ ట్యాంకు లోపలికి ఎవరూ దిగకూడదు, ఎవరినీ దింపకూడదు. అందులోని విషవాయువు మొదట ముక్కుకు వాసన తెలియకుండా చేస్తుంది, తర్వాత రెండు ఊపిరులలో మనిషిని పడేస్తుంది. పడ్డవారిని తీయబోయి అన్నదమ్ములు కూడా పోయిన ఇళ్లు మన రాష్ట్రంలో ఉన్నాయి. రక్షణ లేకుండా మనుషుల చేత ట్యాంకు శుభ్రం చేయించడం 2013 చట్టం ప్రకారం నేరం కూడా. యంత్రం ఉన్న బండినే పిలవండి.

కొత్తగా మొక్క నాటేవారు మర్రి, రావి, జువ్వి, సుబాబుల్, జామాయిల్ వంటివాటిని గొట్టానికి, ట్యాంకుకు చాలా దూరంగా పెట్టండి. వేప, కానుగ కనీసం ఇరవై అడుగులు. కరివేపాకు, మందారం, నిమ్మ దగ్గరగా ఉన్నా పెద్ద చిక్కు లేదు. రోడ్ల పక్కన పచ్చగా కోన్‌లా కత్తిరించి పెంచిన కోనోకార్పస్ సంగతి మీరు వినే ఉంటారు. గల్ఫ్ దేశాల్లో దాని వేర్లు నీటి గొట్టాల్లో, మురుగు గొట్టాల్లో దూరి చాలా చిక్కులు తెచ్చాయి. గుజరాత్ 2023లో దాన్ని నాటడం నిషేధించింది. 2025 మార్చిలో మన వికారాబాద్ ఎమ్మెల్యే, శాసనసభ స్పీకర్ గడ్డం ప్రసాద్ కుమార్ గారు కూడా ఆ చెట్ల తొలగింపు గురించి సభలో మాట్లాడారు. పెరట్లో దాన్ని నాటకపోవడమే మంచిది.

యాలాల్ ఇంట్లో తవ్వితే, కాల్చి తోసిన అతుకు ఒకటి బయటపడింది. అందులోంచి రెండు మూరల వేపవేర్ల జడ తీశారు. కోడలు పదహారు రోజులు మన వార్డులో ఉండి, కామెర్లు తగ్గుముఖం పట్టాక ఇంటికి వెళ్లింది. ఈ జబ్బు క్రిమి ఒంట్లో చేరాక బయటపడడానికి రెండు నుంచి పది వారాలు పట్టవచ్చు కాబట్టి, మిగతా ఇంటివారిని కూడా గమనిస్తూ వచ్చాం. గొట్టం మార్చి, బోరుకు క్లోరిన్ వేశాక పెట్టిన సీసా నల్లబడలేదు. వానలు వెనక్కి తగ్గాక ఇంకొకటి పెట్టాలి. అప్పటి దాకా నీళ్లు కుతకుత మసలనిచ్చి, చల్లార్చి తాగమని చెప్పాం. కోడలి బిందె మీద మూత పెట్టే పని అవ్వ తానే పెట్టుకుంది. వేపచెట్టు ఉన్నచోటే ఉంది, గొట్టం మాత్రం ఇప్పుడు పది అడుగులు పక్క నుంచి పోతోంది.