పసిపిల్లల అతిసారం: నీరు, ఉప్పు, చక్కెర

నెల్లూరు జిల్లా తీరంలో, కృష్ణపట్నం పరిసరాలలో, ఉప్పుకు కొదవ లేదు. సముద్రపు నీటిని మడులలోకి పారించి, ఎండకు ఇగిర్చి ఉప్పు తీయడం ఈ కోస్తాలో తరతరాలుగా వస్తున్న పని. ఇటువంటి చోట పుట్టిన పసిబిడ్డ కూడా ఒంటిలోని ఉప్పు, నీరు చాలక ఒకటి రెండు రోజులలోనే ప్రాణాపాయంలో పడవచ్చునంటే నమ్మబుద్ధి కాదు. కాని వాంతులు, విరేచనాలు పట్టుకున్న పసివారి విషయంలో జరిగేది ఇదే. సాధారణంగా బిడ్డ ప్రాణానికి ముప్పు తెచ్చేది లోపల ప్రవేశించిన క్రిమి కాదు. ఆ క్రిమి మూలాన బయటికి పోయిన నీరు, ఉప్పు. ఈ ఒక్క సంగతి గ్రహిస్తే ఏది చికిత్సో, ఏది కాదో తేలికగా బోధపడుతుంది.

చక్రం వంటి క్రిమి

పసిపిల్లల విరేచనాలకు కారణాలు అనేకం. కలరా క్రిమివంటి బాక్టీరియాలు కొన్ని, ఏకకణజీవులు కొన్ని, వైరసులు కొన్ని ఈ వ్యాధిని కలిగిస్తాయి. వీటిలో ఐదేండ్లలోపు పిల్లలను తీవ్రమైన విరేచనాలతో ఆసుపత్రి పాలు చేయడంలో చిరకాలంగా ముందు నిలిచినది రోటా వైరసు.

1973 వరకు ఈ వైరసు మనుష్యులలో ఉన్నదన్న సంగతి ఎవరికీ తెలియదు. విరేచనాలతో బాధపడే పిల్లలలో ఎక్కువమంది మలంలో బాక్టీరియా ఏదీ కనిపించేది కాదు. ఆ సంవత్సరం ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరంలో రూత్ బిషప్, ఆమె సహచరులు అట్టి పిల్లల చిన్నప్రేగు మొదటి భాగం నుండి సన్నని తునకలు తీసి, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరీక్షించారు. ప్రేగు కణాలలో గుండ్రని వైరసులు గుంపులు గుంపులుగా కనిపించాయి. ఆకుల మధ్య కుండతో, చుట్టూ పట్టాతో బండిచక్రం ఎట్లుంటుందో అవి అట్లే ఉన్నాయి. లాటిన్ భాషలో రోటా అంటే చక్రం. ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు థామస్ ఫ్లూయెట్ సూచన మేరకు వాటికి ఆ పేరే స్థిరపడినది. ఈ వైరసు వ్యాసం సుమారు 70 నానోమీటర్లు. అనగా ఒక మిల్లీమీటరు పొడవున ప్రక్కప్రక్కన పేర్చవలెనంటే 14,000 వైరసులు కావలెను.

రోగి మలంలోని వైరసు చేతుల ద్వారా, పాత్రలు, ఆటవస్తువుల ద్వారా, నీటి ద్వారా మరొక బిడ్డ నోటికి చేరుతుంది. వ్యాధి సోకడానికి చాలా కొద్దిపాటి కణాలు చాలును. రెండు రోజులు గడిచేసరికి జ్వరం, వాంతులు, ఆ వెంటనే నీళ్ళ విరేచనాలు మొదలవుతాయి.

ప్రేగులో జరిగేదేమిటి?

చిన్నప్రేగు లోపలి గోడ నున్నగా ఉండదు. మఖమలు గుడ్డ మీది నూగు వలె లక్షలాది ఆంత్రచూషకాలు ఆ గోడ నిండా నిలిచి ఉంటాయి. జీర్ణమైన ఆహారాన్ని, నీటిని, లవణాలను రక్తంలోకి పీల్చుకొనేవి ఈ చూషకాల కొనలలోని కణాలే. రోటా వైరసు దాడి చేసేది సరిగా ఈ కొనల మీదనే. ఆ కణాలు దెబ్బతిని రాలిపోతాయి. పీల్చుకొనే పని మందగిస్తుంది. అంతేకాక, ఈ వైరసు తయారుచేసే ఒక ప్రోటీను ప్రేగు కణాల నుండి లవణాన్ని, దానితోపాటు నీటిని ప్రేగులోనికి ఊరేటట్లు చేస్తుంది. ఒక ప్రక్క లోపలికి పోవలసిన నీరు పోదు. మరొక ప్రక్క లోపలి నీరు బయటికి వస్తుంది. విరేచనం నీళ్ళుగా పోవడానికి కారణం ఇదే.

అయితే చూషకాల మొదట్లోని గుంటలలో క్రొత్త కణాలు ఎల్లప్పుడూ పుడుతూనే ఉంటాయి. అవి క్రమంగా పైకి జరిగి కొద్దిరోజులలో రాలిన కణాల స్థానాన్ని ఆక్రమిస్తాయి. ఈలోగా శరీరంలోని రక్షణశక్తి కూడా వైరసును అణచివేస్తుంది. అందుచేతనే సాధారణంగా మూడు నుండి ఏడు రోజులలో విరేచనాలు వాటంతట అవే కట్టుకుంటాయి. సమస్య అల్లా ఆ నాలుగైదు రోజులు బిడ్డను నిలబెట్టుకోవడమే.

ఒక చిన్న లెక్క

ఎనిమిది కిలోల బరువున్న బిడ్డను తీసుకుందాము. శరీరం బరువులో నూటికి 5 వంతులు, అనగా 400 మిల్లీలీటర్ల నీరు పోయేసరికి లక్షణాలు కనబడతాయి. కన్నులు గుంటలు పడతాయి, బిడ్డ చికాకు పడుతుంది, ఆత్రంగా నీరు త్రాగుతుంది. నూటికి 10 వంతులు, అనగా 800 మిల్లీలీటర్లు పోతే అది ప్రాణాపాయ స్థితి. పొట్ట మీది చర్మాన్ని చిటికెతో పట్టి వదిలితే మెల్లగా గాని సర్దుకోదు. బిడ్డ మగతగా పడి ఉంటుంది, త్రాగలేదు. ఈ రెండు స్థితుల మధ్య దూరం రెండు గ్లాసుల నీరు మాత్రమే. పెద్దవారికి రెండు గ్లాసులు లెక్కలోనిది కాదు. పసివారికి అదే చావుబ్రతుకుల సమస్య.

ఒకే ద్వారం గుండా ఇద్దరు

పోయిన నీటిని నోటి ద్వారానే తిరిగి ఎక్కించవచ్చును గదా అని ఎవరికైనా తోస్తుంది. కాని వట్టి ఉప్పునీరు త్రాగిస్తే దెబ్బతిన్న ప్రేగు దానిని అంతగా పీల్చుకోదు. ఈ చిక్కును విప్పడానికి తోడ్పడినవాడు అమెరికా జీవరసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ క్రేన్. ప్రేగు కణం గోడలో ఒక వాహకం ఉన్నదని, గ్లూకోజు, సోడియం రెండూ జతగా వచ్చినప్పుడే అది వాటిని లోపలికి చేరవేస్తుందని 1960లో ఆయన ప్రతిపాదించాడు. ఆ రెండూ లోపలికి పోతే నీరు వాటి వెంట పోతుంది. విరేచనాలలో కూడా ఈ ద్వారం పూర్తిగా మూతపడదు. కనుక ఉప్పుకు తగుపాళ్ళలో చక్కెర తోడైతే ప్రేగు నీటిని పీల్చుకొంటుంది.

దీని విలువ 1971లో లోకానికి తెలిసినది. తూర్పు పాకిస్తాన్ నుండి లక్షలాది శరణార్థులు పశ్చిమ బెంగాలుకు వచ్చిన రోజులవి. బనగావ్ వద్ద కలరా చెలరేగినది. నరంలోకి ఎక్కించే సెలైను చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, వంటసోడా, గ్లూకోజు కలిపిన నీటిని పీపాలతో తయారుచేయించి, రోగుల బంధువుల చేతనే త్రాగించాడు. నూటికి సుమారు 30 వరకు ఉన్న మరణాలు 4 లోపునకు తగ్గాయి. కలరా బాక్టీరియా వలన, రోటా వైరసు వలన వచ్చే జబ్బులు వేరు. కాని పోయేది నీరూ ఉప్పే గనుక చికిత్స ఒక్కటే.

నేడు ఆరోగ్య కేంద్రాలలో ఇచ్చే ఓ.ఆర్.ఎస్. పొట్లంలో లీటరు నీటికి సరిపడా గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, సోడియం సిట్రేటు 2.9 గ్రాములు, మొత్తం 20.5 గ్రాములు ఉంటాయి. పొట్లం మీద వ్రాసినన్ని నీళ్ళే, కాచి చల్లార్చినవి, కలపవలెను. సగం నీళ్ళలో కలిపితే బలం రెట్టింపు కాదు, హాని కలుగుతుంది. కలిపిన నీటిని 24 గంటలకు మించి ఉంచరాదు. విరేచనం అయిన ప్రతిసారీ రెండేండ్లలోపు బిడ్డకు 50 నుండి 100 మిల్లీలీటర్లు చెంచాతో కొద్దికొద్దిగా పట్టవలెను. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, మరింత నెమ్మదిగా మళ్ళీ పట్టవలెను. పొట్లం దొరకనప్పుడు లీటరు నీటిలో ఆరు తలకొట్టిన చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి పట్టవచ్చును. కొంచెం పెద్ద పిల్లలకు ఉప్పు వేసిన గంజి, పలుచని మజ్జిగ కూడా మంచివే. తల్లిపాలు ఎన్నడూ మాన్పరాదు. వీటితోపాటు వైద్యులు 14 రోజులు జింకు బిళ్ళలు ఇస్తారు.

చక్కెర ఎక్కువైతే మేలు ఎక్కువ అనుకోవడం పొరపాటు. తియ్యని సీసా పానీయాలలో చక్కెర మోతాదుకు మించి, ఉప్పు బహుతక్కువగా ఉంటుంది. చిక్కని చక్కెర నీరు ద్రవాభిసరణ నియమం ప్రకారం ఒంటిలోని నీటినే ప్రేగులోనికి లాగుతుంది, విరేచనం హెచ్చుతుంది. అట్టి పానీయాలు ఓ.ఆర్.ఎస్. అనే పేరుతో చెలామణి కావడాన్ని హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏండ్ల తరబడి ప్రతిఘటించారు. 2025 అక్టోబరులో దేశపు ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, నిర్ణీత ప్రమాణం లేని పానీయాల మీద ఆ పేరు వాడరాదని ఆదేశించినది.

తగ్గినది మందువల్లనేనా?

మన ప్రాంతాలలో "లంఖణం పరమౌషధం" అనే మాట వాడుకలో ఉన్నది. నీళ్ళు పడితే విరేచనాలు పెరుగుతాయని పాలు, నీళ్ళు మాన్పించేవారు ఇప్పటికీ ఉన్నారు. పసివారి విషయంలో ఇంతకు మించిన ప్రమాదం లేదు. మరికొందరు మొదటి రోజునే ఏంటిబయాటిక్ మందుల కోసం ఆత్రపడతారు. ఆ మందులు బాక్టీరియా మీద పనిచేసేవి. వైరసును ఏమీ చేయలేవు. మలంలో రక్తం పడినప్పుడు గాని, కలరా అని అనుమానం కలిగినప్పుడు గాని అవి అవసరమా కాదా అని నిర్ణయించవలసినది వైద్యుడే.

అయినా ఇట్టి మందుల మీద నమ్మకం ఎట్లు కలుగుతున్నది? మూడవనాడు ఏ మందు ఇచ్చినా, నాలుగవనాడు విరేచనాలు కట్టుకుంటే కీర్తి మందుకే దక్కుతుంది. మందు లేకున్నా నాలుగవనాడు కట్టుకొనేవేమో అన్న ఆలోచన రాదు. వైరసు జబ్బులు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి గనుక ఈ భ్రమకు వీటిలో అవకాశం ఎక్కువ.

దీనికి కృష్ణపట్నంలోనే ఒక ఉదాహరణ ఉన్నది. 2021 మే నెలలో, కోవిడ్ రెండవసారి విజృంభించిన రోజులలో, ఈ ఊరి ఆనందయ్య పంచిన మూలికల మందు కోసం వేలాది జనం తరలివచ్చారు. ప్రభుత్వం పంపిణీని ఆపించి పరిశీలన జరిపించినది. మందులో హానికరమైనవి లేవని, అయితే దానితో కోవిడ్ తగ్గుతుందని రుజువు కాలేదని తేల్చి, మే 31న కొన్ని రకాలకు అనుమతి ఇచ్చినది. విద్యార్థులు ఇక్కడ గమనించవలసినది ఒకటి ఉన్నది. "హాని లేదు" అనేది ఒక ప్రశ్నకు జవాబు. "మేలు చేస్తుంది" అనేది వేరొక ప్రశ్నకు జవాబు. కోవిడ్ సోకినవారిలో అధికసంఖ్యాకులు ఏ మందు లేకున్నా కోలుకున్నారు. కనుక కోలుకున్నవారిని మాత్రమే లెక్కించి రెండవ ప్రశ్నకు జవాబు చెప్పలేము. మందు తీసుకున్నవారిని, తీసుకోనివారిని ప్రక్కప్రక్కన ఉంచి పోల్చవలెను.

రోటా టీకాకు పెట్టిన పరీక్ష

రోటా వైరసు టీకా అట్టి పరీక్షకు నిలిచినది. 1980 దశకంలో ఢిల్లీలోని అఖిలభారత వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ మహారాజ్ కిషన్ భాన్, ఆయన సహచరులు ఒక వింత గమనించారు. పురిటి శిశువులు కొందరికి రోటా వైరసు సోకినా విరేచనాలు కాలేదు. తరువాత కూడా వారికి తీవ్రమైన జబ్బు అంతగా రాలేదు. ఆ శిశువులలో దొరికిన 116ఇ అనే రకం నుండి హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ టీకా తయారుచేసినది.

ఢిల్లీ, పుణె, వెల్లూరు కేంద్రాలలో 6,799 మంది శిశువుల మీద దీనిని పరీక్షించారు. 4,532 మందికి టీకా, 2,267 మందికి టీకా వలె కనిపించే వట్టి ద్రవం ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో తల్లిదండ్రులకు గాని, పరీక్షించే వైద్యులకు గాని తెలియనివ్వలేదు. 2014లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, టీకా పొందినవారిలో 4,752 శిశు సంవత్సరాలకు 71 తీవ్రమైన రోటా జబ్బులు, పొందనివారిలో 2,360 శిశు సంవత్సరాలకు 76 కలిగాయి. ఒక శిశువును ఒక ఏడాది గమనిస్తే అది ఒక శిశు సంవత్సరం. వేయి శిశు సంవత్సరాలకు లెక్క కడితే మొదటి వర్గంలో సుమారు 15, రెండవ వర్గంలో సుమారు 32. అనగా టీకా తీవ్రమైన జబ్బును నూటికి 53.6 వంతులు తగ్గించినది. ఈ లెక్కను ఉపాధ్యాయులు తరగతిలో వేయించవచ్చును.

సగం రక్షణ చాలునా అని కొందరు అడగవచ్చు. టీకా రాకముందు భారతదేశంలో ఏటా సుమారు 78,000 మంది పిల్లలు ఈ వైరసు వలన మరణించేవారని అంచనా. అందులో సగమైనా తగ్గడం చిన్న విషయం కాదు. పరిశుభ్రత మాత్రమే ఈ వైరసును ఆపలేదనడానికి సంపన్న దేశాలే సాక్ష్యం. అక్కడ కూడా టీకా రాకముందు ఐదేండ్లలోపు దాదాపు ప్రతి బిడ్డకూ ఇది సోకేది. 2016లో ఈ టీకాను ప్రభుత్వ కార్యక్రమంలో మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2019 నాటికి అది దేశమంతటికీ విస్తరించినది. బిడ్డకు 6, 10, 14 వారాల వయస్సులో నోటి ద్వారా, ఉచితంగా ఇస్తారు.

మిగిలిన సగానికి అండ ఓ.ఆర్.ఎస్. పొట్లమే. ఉన్నత పాఠశాల విద్యార్థులు చాలామంది ఇండ్లలో చిన్న తమ్ముడో చెల్లెలో ఉంటారు. సబ్బుతో చేతులు కడుగుకోవడం, లీటరు నీటిని సరిగా కొలిచి పొట్లం కలపడం, పొట్ట మీది చర్మాన్ని పట్టి చూడడం వారు నేర్వదగిన పనులే. బిడ్డ త్రాగలేకపోయినా, త్రాగినదంతా వాంతి చేసుకున్నా, మగతగా ఉన్నా, ఆరేడు గంటలు మూత్రం పోయకున్నా, మలంలో రక్తం కనిపించినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. దారిలో కూడా, బిడ్డ మ్రింగగలిగినంత కాలం, చెంచాతో నీరు పడుతూనే ఉండవలెను.