లెఫ్ట్ అంటే ఏ లెఫ్ట్?

హైదరాబాదులో మెహదీపట్నం దాటి అత్తాపూర్ వెళ్లాల్సిన కారు. సరోజినీదేవి కంటి ఆసుపత్రి దగ్గర ఒక దారి పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీదికి లేస్తుంది, ఇంకో దారి దాని నీడలోనే కింద సాగుతుంది. 2009లో తెరిచిన ఆ వంతెన పొడవు 11.6 కిలోమీటర్లు, పొరపాటున ఎక్కితే దిగే ర్యాంపు వచ్చేదాకా చేసేదేమీ లేదు. "ఇటండీ, ఇటు!" అంటుంది పక్క సీటు. "ఎటు?" అంటుంది స్టీరింగు. ఈ రెండు మాటలు ముగిసేలోపు కారు పైకెక్కేసి ఉంటుంది. అక్కణ్నుంచి సంభాషణ దారిని వదిలేసి పోయిన సంక్రాంతికి జరిగిన మరో సంగతి మీదికి మళ్లుతుంది. ఇలాంటి తగువులకు మనవాళ్ల దగ్గర రెండే వివరణలు: ఆడవాళ్లకు దిక్కులు తెలియవు, మగవాళ్లు ఎవర్నీ అడగరు. రెండూ జోకులుగా బాగానే పేలతాయి గానీ కారణాలుగా నిలబడవు. అసలు కారణం ఆ ఇద్దరి దగ్గరితనంలోనే ఉందనిపిస్తుంది. బాగా తెలిసిన మనిషితో మనం మాటను కురచ చేస్తాం. ఇంట్లో ఆ కురచ మాట చక్కగా సరిపోతుంది. కదిలే బండిలో చాలదు.

ముందు చిన్న లెక్క చూద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. "ఆ పెట్రోలు బంకు దాటాక వచ్చే సందులో లెఫ్ట్ తీసుకోండి" అనడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. విని, అర్థం చేసుకుని, చేతులు కదపడానికి ఇంకో ఒకటిన్నర సెకను వేసుకుందాం. అప్పటికే కారు 60 నుంచి 75 మీటర్లు ముందుకు పోయింది. అద్దంలో చూడటం, ఇండికేటర్ వేయడం, ఎడమ పక్కన దూసుకొచ్చే రెండు బైకుల్ని పోనివ్వడం ఈ లెక్కలో లేవు. పైగా మన వాక్యంలో క్రియ చివర కూర్చుంటుంది. బంకూ సందూ ముందొచ్చి, అసలు చేయాల్సిన పని ఆఖరున వస్తుంది. అందుకే కంగారులో పక్కనున్నవాళ్లు వాక్యాన్ని వదిలేసి "ఇటు", "అటు", "అదిగో" అంటారు. ఎంతో పొదుపైన మాటలే, కానీ వాటికి తోడుగా ఒక చెయ్యి, ఆ చెయ్యి చూసే కన్ను ఉండాలి. నడిపేవారి కన్ను రోడ్డు మీద ఉంటుంది, ఉండాలి కూడా. కాబట్టి "ఇటు" అనే మాట సగమే చేరుతుంది. "లెఫ్టేనా?" అని అడిగితే "ఆ, రైట్" అని బదులిచ్చే ఘట్టం గురించి వేరే చెప్పనక్కర్లేదు.

మాట చేరలేదన్న సంగతి చెప్పినవారికి ఎందుకు తెలియదు? కెన్నెత్ సావిట్‌స్కీ, బోయజ్ కీసర్ తదితరులు 2011లో ప్రచురించిన పరిశోధన సూటిగా ఇక్కడికే వస్తుంది. భార్యాభర్తల్ని, వారితోపాటు వారికి పరిచయం లేనివారిని ఒకరికొకరు వీపు తిప్పి ఉండేలా కుర్చీల్లో కూర్చోబెట్టారు. రోజూ వాడేవే అయినా రెండు మూడు అర్థాలొచ్చే మాటల్ని ఒకరు పలకాలి, మిగతావారు ఆ మాట వెనకున్న ఉద్దేశం ఊహించాలి. జీవిత భాగస్వాములు అపరిచితులకంటే మెరుగ్గా ఊహించిందేమీ లేదు. కానీ మాట్లాడినవారు మాత్రం తమవారికి తప్పక అర్థమై ఉంటుందని గట్టిగా నమ్మారు. అదే బృందం చేసిన ఇంకో ప్రయోగం మన కారుకు మరీ దగ్గర. గళ్ల పెట్టెలో వస్తువులున్నాయి; కొన్ని ఇద్దరికీ కనిపిస్తాయి, కొన్ని ఒకరికే. ఆదేశమిచ్చే మనిషికి ఏది కనబడదో మనసులో పెట్టుకుని వస్తువు జరపాలి. ఎదుట ఉన్నది అపరిచితుడైతే పాల్గొన్నవారు జాగ్రత్తపడ్డారు. స్నేహితుడైతే అతనికి కనిపించని వస్తువు వైపే ఎక్కువసార్లు చూపూ చెయ్యీ పోయాయి. కొత్తవాడి కళ్లు వేరని గుర్తుంటుంది, మనవాడి కళ్లు మన కళ్లే అనుకుంటాం. ఆటో డ్రైవరుకు "ముందు సిగ్నల్ వస్తుందన్నా, అది దాటాక మందుల షాపు, దాని పక్క సందు" అని విడమర్చి చెప్పే మనిషే ఇంటికి ఫోన్ చేసి "అదే, ఎప్పుడూ వెళ్లే చోట" అంటాడు. అబద్ధమేమీ కాదు. ఆ "ఎప్పుడూ" అవతలివారి మనసులో ఏ సందు దగ్గర మొదలవుతుందన్నదే తేలదు.

ఇద్దరి బుర్రల్లో ఉన్న పటాలు ఒకటే అయితే ఈ కురచతనం కొంతవరకు చెల్లేది. జాన్ ఓకీఫ్ 1971లో ఎలుకల మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగంలో ఫలానా చోటికి వస్తేనే స్పందించే కణాల్ని గుర్తించాడు. మోసర్ దంపతుల బృందం 2005లో ఆ పక్క భాగంలో స్థలాన్ని గళ్లుగా కొలిచే కణాల్ని కనిపెట్టింది. ఈ ముగ్గురికీ 2014లో నోబెల్ వచ్చింది. (దారి తెలుసుకోవడం మీద నోబెల్ అందుకున్న దంపతులు తర్వాత విడిపోయారు. దానికీ దీనికీ సంబంధం అంటగట్టను.) అంటే ప్రతి బుర్రా తన పటం తానే గీసుకుంటుంది, తాను తిరిగిన తీరును బట్టి. కొందరు దారిని వరసగా గుర్తుపెట్టుకుంటారు: గుడి, తర్వాత టిఫిన్ సెంటరు, తర్వాత మలుపు. కొందరు పైనుంచి చూసినట్టు దిక్కులూ దూరాలూ పెట్టుకుంటారు. మొదటివారికి "ఉత్తరంగా కిలోమీటరు పోవాలి" అన్నది గాలిమాట. రెండోవారికి టిఫిన్ సెంటరు ఉందన్న స్పృహే ఉండదు. ఇక్కడ పనికొచ్చేది డోనల్డ్ యాపిల్యార్డ్ వెనిజులాలోని సియుడాడ్ గుయానా నగరంలో చూసి 1970లో ప్రచురించినది. ఊరి పటం గీయమంటే, కారు నడిపేవారు రోడ్లను ఒకదానికొకటి కలుపుతూ గీశారు. బస్సులోనే తిరిగేవారి పటాల్లో ఆ కలుపు సరిగా కుదరలేదు. ఊరు ఒకటే, కూర్చున్న చోటే వేరు.

ఆడ-మగ తేడా అన్న అభ్యంతరానికి జవాబు ఇక్కణ్నుంచే దొరుకుతుంది. దారి వెతికే పరీక్షల్లో సగటున మగవాళ్లు కాస్త ముందుంటారన్నది నిజమే, దాచాల్సిన పని లేదు. కానీ సీ హీరో క్వెస్ట్ అనే ఫోన్ ఆట ద్వారా 57 దేశాల్లోని ఐదున్నర లక్షలకు పైగా మనుషుల సమాచారం సేకరించి 2018లో ప్రచురించినప్పుడు, ఆ తేడా దేశాన్ని బట్టి మారుతోందని తేలింది: స్త్రీ పురుషుల మధ్య అసమానత ఎక్కువున్న చోట పెద్దది, తక్కువున్న చోట చిన్నది. పుట్టుకతో వచ్చిన తేడా మాత్రమే అయితే సమాజంతోపాటు ఇలా సాగి ముడుచుకోదు. మన ఇళ్లలో చాలామటుకు బండి తాళం ఎవరి జేబులో ఉంటుందో అందరికీ తెలుసు. ఇరవయ్యేళ్లు పక్క సీట్లో కూర్చోబెట్టి, ఇరవై ఒకటో ఏట "నీకు దారులు తెలియవు" అనడం సీటు చేసిన పనిని మనిషి మీద వేయడమే.

మ్యాపు వచ్చాక ఈ గొడవలెక్కడివి అని అడగొచ్చు. కొన్ని తగ్గాయి, ఒప్పుకోవాలి. మ్యాపుకు దగ్గరితనం లేదు, అదే దాని బలం: ఎంత దూరంలో, ఎటు అన్నది ప్రతిసారీ కొత్తవాళ్లకు చెప్పినట్టే చెబుతుంది. అయితే ఒకదాని మీద ఒకటి పోయే రోడ్లలో అదీ తడబడుతుంది. ఉపగ్రహ సంకేతాలతో ఎత్తును కొలవడం అడ్డంగా స్థానాన్ని కొలిచినంత కచ్చితంగా కుదరదు. వంతెన పైనున్న కారూ కిందున్న కారూ దానికి ఒకేచోట ఉన్నట్టుంటాయి. ఫ్లైఓవర్ ఎక్కాలో లేదో ముందే చెప్పే సదుపాయాన్ని గూగుల్ మ్యాప్స్ 2024లో మన దేశంలోని 40 నగరాలకు తెచ్చింది. ఆ అవసరం పడిందంటేనే చిక్కు ఎక్కడుందో అర్థమవుతోంది. ఇక కారులో ఇప్పుడు ఇద్దరికి బదులు ముగ్గురు మాట్లాడుతున్నారు. "దాని మాట వింటారు గానీ నా మాట వినరు" అన్న కొత్త పద్దు కూడా చేరింది.

బరువైన అభ్యంతరం ఇంకోటుంది. తగువు దారి గురించి కాదు, ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందన్న దాని గురించి, కారు ఒక సాకు మాత్రమే అంటారు. కొన్ని కాపురాల్లో అది నిజం కావచ్చు. కానీ అదే నిజమైతే కూర వండేటప్పుడూ కర్టెన్లు కొనేటప్పుడూ కూడా ఇదే జోరు ఉండాలి. కారులో ఉన్నదీ అక్కడ లేనిదీ గడువు. ఫ్రాంక్ డ్రూస్, డేవిడ్ స్ట్రేయర్ బృందం 2008లో చూపిన ఒక సంగతి గమనించండి: ఫోన్‌లో మాట్లాడుతూ నడిపినవారికంటే పక్కనున్న మనిషితో మాట్లాడినవారు బాగా నడిపారు, ఎందుకంటే పక్కనున్నవారు కూడా రోడ్డును చూస్తూ, రద్దీని బట్టి మాటను మార్చుకున్నారు. మామూలు కబుర్లను అలా ఆపొచ్చు. దారి చెప్పే మాటను మాత్రం ఆపలేం. మలుపు వచ్చేదీ, రద్దీ ముదిరేదీ ఆ కూడలిలోనే. విమానాల్లో ఈ ఇరుకు తెలిసే అమెరికా 1981లో 10,000 అడుగులకు దిగువన కాక్‌పిట్‌లో పనికిరాని మాటల్ని నిషేధించింది. మన ఆర్టీసీ బస్సులో అయితే అంత చట్టం అక్కర్లేకపోయింది. వెనకనుంచి కండక్టరు "హోల్డాన్" అంటే ఆగాలి, "రైట్ రైట్" అంటే కదలాలి. కుడివైపు తిప్పమన్నాడేమో అని ఏ డ్రైవరూ అనుమానపడడు. అర్థం ముందే కుదిరిపోయింది.

హైదరాబాదు జనం తమకు తెలియకుండానే అలాంటి ఒప్పందం ఇంకోటి చేసుకున్నారు. అత్తాపూర్ వైపు అడ్రసు చెప్పేవాళ్లు గుడి, బడి అనకుండా వంతెన స్తంభం నంబరు చెబుతారు. అది ఇద్దరికీ కనిపిస్తుంది, ఎవరి జ్ఞాపకం మీదా ఆధారపడదు, అంకెలు వరసగా వస్తాయి కాబట్టి ఇంకా ఎంత దూరమో ముందే తెలుస్తుంది. "ఇటు" కంటే "నూట నలభై మూడు" పలకడానికి కాస్త ఎక్కువ సమయం పట్టినా, రెండొందల మీటర్ల ముందునుంచే పలకొచ్చు. వంతెన ఎక్కకుండా కింది దారిలో ఉన్నంతవరకే లెండి. పైకెక్కితే ఆ స్తంభాలన్నీ చక్రాల కిందే ఉంటాయి.