రంగస్థలంపై అతి అభినయం

నా చిన్నతనంలో మా ఊరి శ్రీరామనవమి పందిట్లో హరిశ్చంద్ర నాటకం ఆడినారు. రాత్రి పది గంటలకు తెర లేచినది. కాటి సీను వచ్చేసరికి తెల్లవారుజాము మూడు కావచ్చినది. పాముకాటుకు చనిపోయిన లోహితాస్యుని ముందు చంద్రమతి వేషధారి గుండెలు బాదుకున్నాడు, జుట్టు విరబోసుకున్నాడు, రంగస్థలం ఈ కొసనుంచి ఆ కొసకు దొర్లినాడు. పద్యపాదం ముగిసిన ప్రతిసారీ హార్మోనియం వాయించేవాని చేతులు నొప్పి పుట్టేదాకా రాగం తీసినాడు. అట్లా దొర్లుతుండగా ఆయన కాలు తగిలి, శవంగా పడుకొని ఉన్న పిల్లవాడు ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. పందిరంతా గొల్లున నవ్వినది. పిల్లవాడు మళ్ళీ కళ్ళు మూసుకొని పడుకున్నా ఆ నవ్వు ఆగలేదు.

ఆ వేషధారి సోమరి అనడానికి వీలులేదు. ఆయన ఒళ్ళంతా చెమట. కంట నిజమైన నీరు. అయినా బిడ్డను పోగొట్టుకున్న తల్లిని చూచి వందలమంది నవ్వినారు. తప్పు పిల్లవానిది కాదు. వాడు లేవకముందే జనం మనస్సు ఆ దుఃఖాన్ని విడిచిపెట్టి, దొర్లుడును లెక్కపెట్టడంలో పడినది. వాడు లేవడం నవ్వుకు ఒక సాకు మాత్రమే.

రెండు మూడేండ్ల తరువాత అదే నాటకాన్ని మరొక సమాజంవారు ఆడినారు. ఆ చంద్రమతి దొర్లలేదు. బిడ్డ నుదుటిమీద పడిన వెంట్రుకలను సర్ది ఊరకే కూర్చున్నది. కథ మీకు తెలిసినదే. ఎదుట ఉన్న కాటికాపరి తన భర్త అని ఆమె ఎరుగదు. కాటిసుంకం చెల్లించమని అతడు అడుగుతాడు. తనవద్ద ఏమీ లేదని ఆమె అంటుంది. మెడలో మంగళసూత్రం ఉన్నది గదా అంటాడు అతడు. ఆ సూత్రం భర్త కంటికి తప్ప మరెవరికీ కనబడనిది. ఆ మాట చెవిని పడగానే ఆ నటుడు కేక వేయలేదు. చేయి మెల్లగా మెడవద్దకు పోయినది. కొంతసేపు మాట లేదు. మా ప్రక్కన కూర్చున్న ముసలమ్మ తమలపాకుకు సున్నం రాస్తూ రాస్తూ చేయి ఆపి, ఆ ఆకును అట్లాగే పట్టుకొని ఉండిపోయినది.

ఈ ఇద్దరు నటులకు గల తేడాయే అతి అభినయమంటే ఏమిటో చెబుతుంది. కాటికాపరి ఎవరో ప్రేక్షకునికి ముందే తెలుసు. చంద్రమతికి ఎప్పుడు తెలుస్తుందా అని అతడు ఎదురుచూస్తున్నాడు. అతని గుండెలో కరుణ పుట్టేది ఆ ఎదురుచూపులోనే. నటుడు ఆ ఖాళీని అరుపులతో, రాగాలతో నింపివేస్తే ప్రేక్షకునికి చేయడానికి పని మిగలదు. అతని ఏడుపును నటుడే ఏడ్చివేసినాడు. భావం ఎక్కువైనదని మనం అంటాము గాని, నిజానికి అక్కడ ఎక్కువైనది భావచిహ్నమే. భావం పుట్టకుండానే దాని గుర్తులు ఒకదానిమీద ఒకటి వచ్చి పడినవి.

అయితే పెద్ద చేష్ట అంతా తప్పే అనుకోరాదు. కూచిపూడి సత్యభామ కనుబొమ్మలు, కథకళి నటుని కన్నులు మన ఇంటి వ్యవహారంలో ఉండే పరిమాణంలో కదలవు. అక్కడ వేషం, వాద్యం, నడక, చూపు అన్నీ ఒకే కొలతకు పెరిగినవి. కాబట్టి ఏదీ మించినట్లు తోచదు. ఒక కొలతలో సాగుతున్న సన్నివేశంలోనికి మరొక కొలత చొరబడినప్పుడే అతి అవుతుంది.

ఈ కొలతను గూర్చి నాట్యశాస్త్రం చాలా స్పష్టంగా ఆలోచించినది. భరతుడు నవ్వును ఆరు విధాలుగా విభజించినాడు. ఉత్తమ పాత్రలకు స్మితము, హసితము. మధ్యమ పాత్రలకు విహసితము, ఉపహసితము. అధమ పాత్రలకు అపహసితము, అతిహసితము. అతిహసితాన్ని ఆయన నిషేధించలేదన్నది గమనించవలెను. దానికీ రంగస్థలంమీద చోటున్నది, అయితే అది ధర్మరాజు ముఖంమీద కాదు. శోకానికీ ఇటువంటి తారతమ్యమే చెప్పబడినది. ఉత్తములు ధైర్యంతో అణచుకునే దుఃఖాన్ని అధములు రోదనంతో వెళ్ళబోస్తారు. రాజ్యాన్ని, భార్యను, కొడుకును, చివరకు తన్నుతానే మాట కొరకు అర్పించిన హరిశ్చంద్రుడు మొదటి అంకంనుంచే భోరుమని ఏడిస్తే, అతడు సత్యసంధుడని నమ్మేదెట్లా?

భరతుడు నాట్యగృహం కొలతలు కూడా చెప్పినాడు. మానవులకు తగినది మధ్యమ గృహమని, దాని పొడవు 64 హస్తాలు, వెడల్పు 32 హస్తాలని నిర్ణయించినాడు. హస్తం సుమారు 18 అంగుళాలనుకుంటే 96 అడుగుల పొడవు, 48 అడుగుల వెడల్పు. అందులో సగం రంగానికి, నేపథ్యానికి పోతుంది. చిట్టచివర కూర్చున్నవాడు కూడా నటునికి 50 అడుగుల లోపలనే ఉంటాడు. ఇంతకు మించితే మాట స్పష్టత పోతుందని, ముఖంలోని భావాలు కనబడవని ఆయనే కారణం చెప్పినాడు.

ఇక మన పందిళ్ళను తలచుకోండి. ఆరుబయట వేలమంది జనం. రంగస్థలంమీద నాలుగు పెట్రోమాక్సు దీపాలు. చివరివాడు రెండు మూడు వందల అడుగుల దూరంలో చెట్టుక్రింద. అతనికి కన్నీటిబొట్టు కనబడుతుందా? గుండె బాదుకుంటే కనబడుతుంది. మాట వినబడకపోయినా తారస్థాయిలో తీసిన రాగం వినబడుతుంది. అతి అభినయం మొదట దూరాన్ని జయించడానికి పుట్టిన ఉపాయమే గాని నటుల అవివేకం కాదు. పాతకాలపు నటులను ఎగతాళి చేసేవారు ఒక్కసారి ఆ చెట్టుక్రింద నిలబడి చూడవలెను.

తరువాత కాంట్రాక్టు నాటకాలు వచ్చినవి. కాంట్రాక్టరు ఒక్కొక్క ఊరినుంచి ఒక్కొక్క పేరుమోసిన నటుని పిలిపించి, రిహార్సలు లేకుండానే ఒక రాత్రికి కూర్చేవాడు. ఒకే నాటకంలో ఒకటవ కృష్ణుడు, రెండవ కృష్ణుడు ఉండేవారు. ఒకటవ కృష్ణునికి ‘వన్స్ మోర్’ పడితే రెండవ కృష్ణుడు ఊరుకుంటాడా? దుర్యోధనునితో జరుపవలసిన రాయబారం ఇద్దరు కృష్ణుల నడుమ పోటీగా మారినది. తిరుపతి వేంకటకవుల పద్యం ఏమి చెబుతున్నదో వినేవారు తగ్గి, చివరి అక్షరంమీద ఎంతసేపు నిలిచినాడో చూచుకునేవారు పెరిగినారు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. అంత గొప్ప కవిత్వం నోటికి వచ్చిన జనం మరొకచోట ఉండడం అరుదు. ఆ కవిత్వాన్నే రాగంక్రింద పూడ్చినాము.

దీనిని ఎదిరించి నిలిచినవారిలో బళ్ళారి రాఘవగారి పేరు ముందు చెప్పవలెను. 1880లో తాడిపత్రిలో జన్మించి, బళ్ళారిలో న్యాయవాదిగా ఉంటూ 1946లో మరణించేవరకు ఆయన నాటకాన్ని విడువలేదు. తెలుగు నాటకంలో పాటకు పెద్దపీట వేసిన ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు ఆయనకు మేనమామ. మేనల్లుడు మాత్రం అభినయాన్ని మింగివేసే సంగీతాన్ని ఒప్పుకోలేదు. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించవలెనని కూడా ఆయన పట్టుపట్టినాడు. రాగం విషయంలో నేను ఆయనంత కఠినుణ్ణి కాను. పద్యం అర్థం అందిన తరువాత రాగం సాగితే చెవికి హాయిగానే ఉంటుంది. అర్థం అందకముందే మాటను విరిచి రాగం తీస్తేనే చిక్కు. పైగా నటులు చేర్చినదంతా చేటు కాదు. జాషువాగారి శ్మశానవాటి పద్యాలు బలిజేపల్లివారి నాటకంలోనివి కావు. నటులే తెచ్చి కాటి సీనులో చేర్చుకున్నారు. అవి ఏడ్పించడానికి ప్రయత్నించవు. మరణం ముందు అందరి సమత్వాన్ని నిదానంగా తలపోస్తవి. అందుకే ఆ సీనులో అంతగా అతికినవి.

మైకు వచ్చిన తరువాత దూరం అనే కారణం పోయినది. అలవాటు మాత్రం పోలేదు. చెట్టుక్రింద మనిషికోసం నేర్చిన కేకనే మైకులోనికి వేసినారు. లౌడుస్పీకరు దానిని పొరుగూరికి పంపినది. అంతేకాక, నటులందరూ సంభాషణ చెప్పవలసివచ్చినప్పుడల్లా మైకు క్రిందకు నడచివచ్చి, ఎదుటి పాత్రవైపు గాక జనంవైపు తిరిగి నిలబడడం నేర్చుకున్నారు. “నాటకాలాడకు”, “ఇదంతా డ్రామా” అని మన ఇళ్ళలో కపటాన్ని గూర్చి వాడే మాటలు ఊరకే పుట్టలేదు.

రేడియోలో ఈ దోషం దాగదు. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైనది. పందిళ్ళలో పెరిగిన నటునికి రేడియో మైకు కొత్త పరీక్ష. శ్రోత మూడు వందల అడుగుల దూరంలో లేడు. మైకు నటుని పెదవికి జానెడు దూరంలో ఉన్నది. రేడియో పెట్టె శ్రోత మంచం ప్రక్కన ఉన్నది. జనసమూహానికి చెప్పవలసిన మాట ఒక్క మనిషికి చెప్పవలసివచ్చినది. ఎంత గొప్ప గొంతు అయినా ఇక్కడ కేక వేస్తే ధ్వని చీలుతుంది, శ్రోత లేచి మీట తగ్గిస్తాడు. మౌనానికి కూడా ఇక్కడ వేరే లెక్క. రంగస్థలంమీద నటుడు అరనిమిషం మాటలేకుండా నిలబడగలడు. రేడియోలో అంతసేపు నిశ్శబ్దమైతే కరెంటు పోయినదేమోనని పెట్టెను తడతారు!

మరి కాటి సీను రేడియోలో వచ్చినప్పుడు, మెడవద్దకు పోయే ఆ చేయి శ్రోతకు కనబడదు గదా. మంచి నటి ఏమి చేస్తుందో జాగ్రత్తగా విని చూడండి. సుంకం ఇవ్వలేనని బ్రతిమాలుతున్న మాట నడుమనే ఆగిపోతుంది. ఊపిరి లోనికి పోయిన చప్పుడు మాత్రం వినవస్తుంది. తరువాత ఆమె కాటికాపరిని అడిగే ప్రశ్న ఎదుటివానికి చేరుతుందో లేదో అన్నంత మెల్లగా, దాదాపు తనలో తాననుకున్నట్లుగా ఉంటుంది.